మునిగిన గుంటలు పదకొండు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా రాస్తాను. మా సారును పట్టించిన ఆ నక్షలోని చేతిరాత నాది. అది ఎవరిదని నన్ను సూటిగా అడిగారు కూడా. సారుదేనని చెప్పాను. ఈ సంగతి మా అమ్మకు తెలియదు, సారు భార్యకు తెలియదు. నా డైరీలో సైతం ఆ రోజు పుటలో "క్యాంపుకు పోయి వచ్చాను" అన్న ఒక్క వాక్యమే ఉంది.

అది 1948లో మొదలైంది. మాది ఇబ్రహీంపట్నం. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. పటాన్ని మా వైపు నక్ష అంటారు. మా నాన్న తాలూకా కచేరీకి గ్రామాల నక్షలు నకలు తీసి ఇచ్చేవారు. ఆయన పోయాక ఆయన పెన్నులు, స్కేళ్లు, పీట నాకు మిగిలాయి. పని కూడా మిగిలింది. నేను నలుగురిలో నోరు విప్పలేని దాన్ని. నక్షల పనిలో నోటితో అవసరం పెద్దగా ఉండదు కాబట్టి అది నాకు బాగానే సరిపోయింది. పని లేనప్పుడు నాన్న పెట్టెలోని పుస్తకాలు తలుపు వేసుకుని చదువుకునేదాన్ని.

ట్రేసింగ్ గురించి తెలియని వారికి కొంచెం చెప్పాలి. అసలు చిత్రం మీద ట్రేసింగ్ క్లాత్ పరుస్తాం. అది సన్నని నూలు బట్టకు గంజి పట్టించి అద్దంలా నునుపు చేసినది. కింది గీతలు పైకి కనిపిస్తాయి. దాని మీద సుద్దపొడి రుద్ది తుడిస్తే తప్ప సిరా అంటుకోదు. నీళ్లకూ దానికీ పడదు. అరచేతి చెమట తగిలినా గంజి కరిగి మచ్చ పడుతుంది, అందుకని చేతికింద అద్దుడు కాగితం పెట్టుకుంటాం. గుట్టల వాలు చూపించడానికి సన్నని గీతలు గీస్తాం. వాటిని హ్యాచూర్లు అంటారు. వాలు నిటారుగా ఉంటే గీతలు దగ్గర దగ్గరగా పడతాయి. పేర్లు ముందు పెన్సిలుతో రాసి చూసుకుంటాం. పని మధ్యలో వాటిని రబ్బరుతో తుడవకూడదు. తుడిస్తే నునుపు పోయి ఆ చోట సిరా పాకుతుంది. సిరా పని పూర్తిగా అయ్యాకే డబల్‌రొట్టె మెత్తతో అద్ది పెన్సిలు తీసేస్తాం. ఆ నక్ష దేనిదో చెప్పే టైటిల్ అన్నిటికంటే చివర రాస్తాం.

నర్సింహయ్య సారు మా వీధి చివర ఉండేవారు. సర్కారు గనుల శాఖలో ముప్పై ఏళ్లు రాళ్ల సర్వే చేసి, పింఛను పుచ్చుకుని సొంత ఊరికి వచ్చారు. పిల్లలు లేరు. ఆయన భార్యను నేను పెద్దమ్మ అనేదాన్ని. బొంబాయిలో ఎవరో దొర దేశం విడిచి పోతూ అమ్మిన మూడంగుళాల దుర్భిణి ఒకటి సారు దగ్గర ఉండేది. దానితో చందమామను చూసి తెలుగులో ఒక పుస్తకం రాస్తున్నారు. రాత ఆయనే రాసుకునేవారు. చెయ్యి వణుకుతుంది కాబట్టి పటాలు గీయడానికి నన్ను పిలిచారు.

అవి రజాకార్ల రోజులు. మిద్దె మీద దుర్భిణి పెడితే ఎవరికో ఇషారా ఇస్తున్నారంటారని సారు దాన్ని పెరట్లోనే పెట్టేవారు. చీకటి పడకముందే చూసి ముగించేవాళ్లం. సగం చందమామ సాయంత్రానికే నడినెత్తిన ఉంటుంది, పని చేసుకోవడానికి ఆ వెలుతురు చాలు. అదీగాక చందమామను చూడవలసింది పున్నమి నాడు కాదనేవారు సారు. వెలుగుకూ చీకటికీ నడుమ ఉండే గీతను టర్మినేటర్ అంటారు. అక్కడ ఎండ ఏటవాలుగా పడి చిన్న గట్టుకు కూడా పొడుగు నీడ ఉంటుంది. ఆ నీడల వల్లనే గుంట గుంటలా, గుట్ట గుట్టలా తెలుస్తుంది.

ఒక రోజు సారు పళ్లెంలో ఎర్రమన్ను పోసి, పైన పొయ్యి బూడిద జల్లి, ఎత్తు నుంచి గోలీ వదిలారు. గుంట పడింది. చుట్టూ గట్టు లేచింది. లోపలి ఎర్రమన్ను చారలు చారలుగా బూడిద మీద చిమ్మింది.

"చూసినవా బిడ్డా? చందమామ మీది గుంటలన్నీ అగ్నిపర్వతాల నోళ్లే అని చానామంది అంటరు. నేను గట్ల అనుకోను. రాళ్లు వచ్చి గుద్దినయ్."

పెద్దమ్మ అంట్ల దగ్గర నుంచి అందుకుంది. "బూడిదంతా చందమామకే అయిపాయె. రేపటి సంది గిన్నెలు నీ మీసాలతోని తోముత."

"జర ఆగవే, లోకం పుట్టుక చెప్తున్న."

"లోకం పుట్టుక తర్వాత, ముందు ఆ పళ్లెం ఇయ్యి. అది అన్నం తినేది."

మామూలు గుంటలకన్నా చాలా పెద్దవి కొన్ని ఉన్నాయి. వాటిని సారు బేసిన్లు అనేవారు. పళ్లెం లాంటి పల్లం, కాని ఒక దేశం పట్టేంత వెడల్పు. వాటి అడుగున నల్లగా పరుచుకున్న మైదానాలను చూసి పూర్వం వాళ్లు సముద్రాలనుకున్నారు. వాన సముద్రమని పేరు పెట్టిన దానిలో చుక్క నీరు లేదు.

"వికారాబాద్ దాటి పడమటికి పోయినవా ఎన్నడన్న?" అని అడిగారు.

లేదన్నాను.

"అక్కడ సంది నేల నల్లగుంటది. అదంతా ఒకప్పుడు కరిగి పారిన రాయి. మన ఊరి రాయి వేరే, ఆ రాయి వేరే. చందమామ మీది నలుపు గూడ అసొంటిదే అని నా లెక్క. గుంట చేసింది బయటి నుంచి వచ్చిన రాయి. నింపింది లోపలి నుంచి వచ్చిన లావా."

పుస్తకంలో ఆయన "బిలములు" అని రాశారు. మా అమ్మకు ఆ మాట అర్థం కాదన్నాను. అయితే ఏమనాలని అడిగారు. గుంట అనమన్నాను. సారు నవ్వి, రాతప్రతిలో అన్ని చోట్లా కొట్టేసి గుంట అని దిద్దారు. ఒక పెద్దమనిషి నా మాట విని తన రాత మార్చుకోవడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు డైరీలో ఆ ఒక్క మాటా మూడుసార్లు రాసుకున్నాను.

వాన సముద్రం పటం గీస్తుండగా ఒక అనుమానం వచ్చింది. అడగడానికి రెండు రోజులు పట్టింది.

"సారు, ఈ అంచు మీద గుంటకు సముద్రం దిక్కు గోడ లేదు. గీసుడు మరిచిన్రా?"

ఆయన దశమి దాకా ఆగమన్నారు. దశమి సాయంత్రం దుర్భిణి తిప్పి నన్ను చూడమన్నారు. టర్మినేటర్ దగ్గర, చీకటిలోకి చొచ్చుకుని, విరిగిన చేతిగాజులో సగం ముక్కలా ఒక వంపు వెలుగుతోంది. గుంట గోడకు ఆ సగానికే ఎండ తగిలింది. రెండో సగం ఉండవలసిన చోట చదునుగా ఉంది.

"మిగిలిన సగం ఏడికి పోయింది?" అన్నారు, బడిలో అడిగినట్టు.

"మునిగింది," అన్నాను. నా మాట నాకే సరిగా వినబడలేదు.

"ఏంట్ల మునిగింది?"

"లావాల."

"అయితే మొదలు ఏది, తర్వాత ఏది?"

చెప్పాను. మొదట పెద్ద బేసిన్. తరువాత దాని అంచు మీద ఈ గుంట. రెండూ అయ్యాకే లావా. గుంట ముందే లేకపోతే లావా దాన్ని ముంచేదే కాదు.

సారు పెద్దమ్మను కేకేసి పిలిచారు. "ఇగో, నాకు ఇరవై ఏండ్లు పట్టింది, ఈ పిల్లకు రెండు రోజులల్ల తెలిసింది." ఆ తర్వాత, ఇది దూరదేశాల్లో పెద్దవాళ్లు ముందే గమనించిన సంగతేనని నిజాయితీగా చెప్పారు. "అయితే ఏంది? నీ కన్నుతోని నువ్వు చూసినవ్."

"మధ్యల ఎంత కాలం పట్టింది సారు?"

"ఎవ్వరికి తెల్వదు. తక్కువ మాత్రం గాదు. దెబ్బ తగిలిన నాడే లావా రాలే బిడ్డా. అంతా సల్లారింది. కింద ఎక్కడనో కాగి కాగి, పగుళ్లల్ల నుంచి మెల్లగ పైకొచ్చింది."

ఆ పటంలో అలా పూర్తిగానో సగమో మునిగినవి పదకొండు లెక్కపెట్టి, మూలన "మునిగిన గుంటలు - 11" అని రాశాను. సముద్రానికి తూర్పు అంచున వంపు తిరిగిన కొండల వరుస ఒకటి ఉంది. అసలు పేర్లు నోరు తిరగని పరదేశపు పేర్లు. గుర్తు కోసం ఆ కొండలకు పెన్సిలుతో "రాచకొండ" అని, సముద్రానికి "పెద్ద చెరువు" అని రాసుకున్నాను. మా ఊరి చెరువూ, దూరాన కనిపించే గుట్టలూ అలాగే ఉంటాయి మరి. సారు చూసి నవ్వారు.

"మంచిగున్నయ్. కానీ అచ్చుకు పోయేటప్పుడు తుడిచెయ్యాలె."

"సిరా పని అయినంక తుడుస్త సారు."

సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రజాకార్ల పీడ వదిలిందని ఊరు ఊపిరి పీల్చుకుంది. కొన్నాళ్లకే సంఘం వాళ్ల కోసం వెతుకులాట మొదలైంది. దొరల భూములు పంచి, తుపాకులు పట్టుకుని గుట్టలెక్కిన వాళ్లు వాళ్లు. రాచకొండలో దళాలున్నాయని చెప్పుకునేవారు. ఆ పేరు వీధిలో గట్టిగా పలకడం మానేశారు జనం. నా ట్రేసింగ్ క్లాత్ మీద మాత్రం అది అలాగే ఉంది. హ్యాచూర్లు ఇంకా సగం మిగిలి ఉన్నాయి.

1949 మాఘమాసం, శుద్ధ చవితి నాటి ఉదయం మిలిటరీ వాళ్లు వీధంతా సోదా చేస్తూ సారు ఇంటికి వచ్చారు. నేను అక్కడే పనిలో ఉన్నాను. పెద్దమ్మ నన్ను తలుపు వెనక్కి లాగింది. ఆఫీసరుకు తెలుగు రాదు. కోస్తాలోని సర్కారు జిల్లాల నుంచి తెచ్చుకున్న దుబాసీ ఒకడు పక్కనున్నాడు, ఊరి పటేలు వెంట ఉన్నాడు. దుర్భిణి దొరికింది. ఆ తర్వాత పీట మీద నక్ష దొరికింది.

దుబాసీ చదివాడు. "రాచకొండ. పెద్ద చెరువు. మునిగిన గుంటలు పదకొండు. ఏవిటండీ ఇది?"

"చందమామ," అన్నారు సారు.

"ఎగతాళా? గుంటల్లో ఏం దాచారు?"

"దాచుడేంది? నల్లరాయి ఉంటది."

"ఎవరు నింపారు?"

"ఎవ్వరు నింపలే. కింది నుంచి అదే వచ్చింది."

పటేలు మధ్యలో దూరాడు. "మా దిక్కు గుంటలంటే భూమి లెక్క సాబ్. నలభై గుంటలైతే ఎకరం. సంఘపోళ్లు పంచిన భూమి గావచ్చు."

సారుకు కోపం వచ్చింది. "పావెకరం పంచుకునేటందుకు తుపాకులు పట్టిన్రా పటేలా? జర తెలివుండాలె."

ఎవరో నవ్వబోయి ఆగారు. సారు రాతప్రతి తెచ్చి చూపించారు. దుబాసీ రెండు పుటలు తిరగేసి, అవి సంకేతాలన్నాడు. నక్షకు టైటిల్ ఉంటే బాగుండేది. టైటిల్ చివర కదా రాస్తాం.

"ఈ అక్షరాలెవరివి?" అని అడిగాడు.

సారు తలుపు వైపు చూడలేదు. "నావే," అన్నారు.

నేను తలుపు వెనక పెద్దమ్మ పక్కనే నిలబడి ఉండిపోయాను. ఆమెకు చదువు రాదు. అవి ఆయన అక్షరాలేననుకుంది. నక్షను, రాతప్రతిని, సారును తీసుకుపోయారు. దుర్భిణి బరువని వదిలేశారో, పనికిరాదని వదిలేశారో తెలియదు.

ఏం చేయాలో నాకు తెలుసు. నాలుగు రోజులాగితే అష్టమి. ఆ సాయంత్రం రాచకొండ అని నేను రాసిన వరుస మీద ఎండ పడుతుంది, దశమికి సగం గాజు వెలుగుతుంది. దుర్భిణి క్యాంపుకు తీసుకుపోయి, నక్ష పక్కన పెట్టి, ఆఫీసరును చూడమంటే చాలు. గీతకు గీత సరిపోతుంది. ఆ అక్షరాలు నావి, గుర్తు కోసం రాసుకున్నానని చెప్పాలి. అంతే.

అమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. "ఆడపిల్లవు క్యాంపుకు పోతవా? నన్ను సంపి పో." అమ్మ మీద తప్పు పెట్టలేను. అమ్మ ఆపినందుకు లోపల నాకు ఊరటగా ఉండేది. డైరీలో ఆ రోజులు ఇట్లా ఉన్నాయి: "సప్తమి. రేపు పోవాలి." "అష్టమి. మబ్బు లేదు. రేపు తప్పక." "దశమి. పెరట్లోకి పోలేదు. కనిపిస్తుందని భయం." "ద్వాదశి. రేపు."

చతుర్దశి నాడు పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. దుర్భిణిని చీరలో చుట్టి చంకన పెట్టుకుంది.

"నేను పోతున్న పిల్లా. ఈ గొట్టం ఎటు తిప్పాలెనో చెప్పు, చాలు. మిగిలింది నేను మాట్లాడుకుంట."

అమ్మ గడప మీద నుంచి లేచింది. నేను వెంట నడిచాను.

క్యాంపు బడి దగ్గర వేశారు. పొద్దు గుంకక ముందే తూర్పున చందమామ లేచింది. దాదాపు నిండుగా ఉంది. చూడగానే నేను వాకిట్లోనే ఆగిపోయాను. ఇన్ని రోజులూ తిథులు రాసుకుంటూ కూర్చున్న దాన్ని, ఈ రోజుకు నీడలుండవని నాకు తెలియనిది కాదు. కాని పెద్దమ్మ అప్పటికే లోపలికి పోయి ఆఫీసరు ముందు చేతులు జోడించింది. దుబాసీ చెప్పింది విని ఆయన బయటకు వచ్చాడు. మర్యాదస్తుడే. నక్షను తెప్పించాడు. వంగి దుర్భిణిలో చాలాసేపు చూశాడు. నక్ష చూశాడు, మళ్లీ దుర్భిణి చూశాడు. చందమామకు ఎండ ఎదురుగా తగిలి, నీడలు లేక ప్రతి గోడా కరిగిపోయింది. వెలుగు, అందులో నల్లమచ్చలు. అంతకు మించి ఏమీ లేదు. పైగా ఆ దుర్భిణి బొమ్మను తలకిందులుగా చూపిస్తుంది, నక్షను తిప్పి పట్టుకోవాలని ఆయనకు తెలియదు.

"యే తో సిర్ఫ్ చాంద్ హై, బేటీ," అన్నాడు. ఇది ఉత్త చందమామే కదమ్మా, అని.

దుబాసీ కూడా చూశాడు. "పదకొండు గుంటలన్నారు. ఒక్కటైనా కనబడదేవిటండీ అమ్మాయిగారూ?"

నీడల గురించి చెప్పాలి. వచ్చే శుద్ధ అష్టమికి మళ్లీ చూడమని అడగాలి. దుర్భిణికి చుట్టిన చీరను మడతపెడుతూ ఉండిపోయాను. అప్పుడు దుబాసీ నక్ష నా ముందుకు చాపి, "ఈ రాత మీ సారుదేనా?" అన్నాడు. నెమ్మదిగానే అడిగాడు.

"సారుదే," అన్నాను.

తల ఊపి మడిచేశాడు. వచ్చే అష్టమికి ముందే సారును నగరంలోని జైలుకు పంపేశారు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. ఆ ఏడు శ్రావణంలోనే సారు జైలు దవాఖానలో జ్వరంతో పోయారు. రాతప్రతి తిరిగి రాలేదు. పెద్దమ్మ దుర్భిణిని నాకిచ్చి తమ్ముడి ఊరికి వెళ్లిపోయింది. నేనిప్పుడు నగరంలో ఒక కచేరీలో ట్రేసర్‌ను. సారు పోయిన కబురు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. అమ్మ వింతగా చూసింది. రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఏదో ఊరి చెరువుకు సిరా పెడుతున్నాను. ఉన్నట్టుండి కళ్ల నుంచి ధార కట్టి, గంజి కరిగి, నెల రోజుల పని పాడైంది. ఎందుకో ఎవరికీ చెప్పలేకపోయాను.

కొత్తగా పనిలో చేరిన వాళ్లకు నేను రెండు మాటలు చెబుతాను. టైటిల్ ముందే రాయండి, చివరికి ఉంచకండి. గుర్తు కోసం పెట్టుకున్న పేర్లను ఏ పూటకా పూట తీసేయండి, నునుపు పోతే పోనీయండి. ఎందుకని వాళ్లు అడిగితే పద్ధతి అంటాను. అసలు నేర్చుకున్నది వేరే ఉంది. ఈ పనిలో చూపు సరిగా ఉంటే సరిపోతుందనుకునేదాన్ని. చూసింది అడిగిన పూట నోటితో చెప్పడం కూడా ఈ పనిలో భాగమేనని ఆలస్యంగా తెలిసింది.

సారును చివరిసారి చూసింది ఆయన పోవడానికి నెల ముందు, ఆషాఢంలో, జైలు ములాఖాత్‌లో. ఇనుప జాలికి అవతల నిలబడ్డారు. మనిషి సగమయ్యారు. మీసాలు తీసేశారు. పెద్దమ్మ తన బాధ దాచుకుని, "ఇగ గిన్నెలు దేనితోని తోమాలె?" అంది. ఆయన నవ్వారు, దగ్గు వచ్చింది. తర్వాత నా వైపు తిరిగారు. క్యాంపులో నేనన్న మాట చెప్పేయాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను.

"దుర్భిణి తీస్కపోయి చూపించినవట గదా?" అన్నారు.

"అవ్ సారు."

"ఎన్నో నాడు?"

"చతుర్దశి నాడు."

ఆయన వేళ్ల మీద తిథులు లెక్కపెట్టుకున్నారు. కోపం లేదు. నేను గీసిన పటంలో ఒక గీత తప్పితే ఎట్లా చూసేవారో అట్లాగే చూశారు. వెనక నుంచి సిపాయి టైం అయిందని పిలిచాడు.

"చతుర్దశికి నీడలుండయి గదా బిడ్డా," అన్నారు. "అష్టమికే రావాల్సింది."